తిరుగు ప్రయాణంలో మిగిలిన గంటన్నర

మా అక్కకు అసూయ పుట్టుకతో రాలేదు, నేను పుట్టాక వచ్చిందని అమ్మ అంటుంది. నన్ను ఉయ్యాల్లో పడుకోబెడితే తనూ మోకాళ్ళు ముడుచుకుని అందులోకి దూరేదట. పాలగ్లాసులు రెండూ పక్కపక్కన పెట్టి, కళ్ళు వాటి అంచుల దాకా దించి, ఎవరికి ఎక్కువ పోశారో చూసేదట. పెద్దయితే ఆ గుణం అదే పోతుందని ఇంట్లో అనుకున్నారు. అది పోలేదు సరికదా, అక్కతో పాటే ఉద్యోగంలో కూడా చేరింది.

అక్క ఎయిర్‌హోస్టెస్. మొదట్లో అన్నీ చిన్న రూట్లే. పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికొచ్చేది. గంటసేపు ఎగిరే విమానంలో మంచినీళ్ళిచ్చి, ఖాళీ కప్పులు ఏరుకునేలోగా దిగిపోవాలి. పెద్ద రూటు మీద తిరిగే సీనియర్లను చూస్తే తనకు ఒళ్ళు మండేది. వాళ్ళ సూట్‌కేసుల చక్రాలు కూడా తన చక్రాలకంటే మెత్తగా దొర్లుతున్నాయనిపించేదట. వాళ్ళు విమానంలోనే వెనకాల ఓ అరలో వంతులవారీగా పడుకుంటారనీ, అవతలి ఊళ్ళో ఒక రోజంతా హోటల్లో ఉంటారనీ, దిగి వస్తుంటే నడకే మారిపోతుందనీ ఇంటికొచ్చి కథలుగా చెప్పేది. ఆ నడక కోసం తొమ్మిదేళ్ళు ఎదురుచూసింది. తీరా తన వంతు వచ్చేసరికి చిట్టికి మూడేళ్ళు.

చిట్టి అక్క కూతురు. మా బావ లిఫ్టు మెకానిక్. ఊళ్ళో ఎక్కడ లిఫ్టు మధ్యలో ఆగినా ఈయన ఫోనే మోగుతుంది. మీ అక్క అడ్డంగా తిరుగుతుంది, నేను నిలువుగా తిరుగుతాను, ఎక్కడో ఓచోట కలుసుకుంటామని ఆయనే జోకులేస్తుంటాడు. ఇద్దరూ ఇంట్లో లేని రోజుల్లో చిట్టిని ఎవరు చూస్తారన్నది ప్రశ్న. నేను పక్క వీధిలోనే ఉంటానుగానీ నా ఒళ్ళో ఓ పసివాడున్నాడు, పైగా కాలేజీలో ఫిజిక్సు పాఠాలు చెప్పాలి. చివరికి బావ వాళ్ళ అక్కగారు వచ్చింది. ఆవిడను వీధి వీధంతా టైలరత్త అంటారు. పాత బట్టలు సరిచేసే కొట్టు ఒకటి నడిపేది. ఆ కొట్టు మూసి, కుట్టుమిషను ఆటోలో వేసుకొచ్చి, అక్క వాళ్ళ ముందుగదిలో పెట్టుకుంది. ఫ్యాంట్లు పొట్టి చేయించుకునేవాళ్ళు వెతుక్కుంటూ అక్కడికే వచ్చేవారు. చిట్టి ఆ మిషను కింద, రంగురంగుల గుడ్డముక్కల మధ్య పెరిగింది.

అవతలి విమానాశ్రయానికీ మనదానికీ మధ్య పదకొండు వేల కిలోమీటర్ల పైచిలుకు. అందులో ముప్పాతిక వంతు సముద్రం. పద్నాలుగు గంటల ప్రయాణం. మొదటిసారి వెళ్ళేటప్పుడు అక్క ఈ మాట చెబితే టైలరత్త నోరు తెరిచింది. పద్నాలుగు గంటలు గాల్లో కూర్చుంటే కాళ్ళేమవుతాయమ్మా అంది. చిట్టి మాత్రం ఒక్కటే అడిగింది, పద్నాలుగు గంటలంటే ఎంత అని.

ఆ ప్రశ్నకు అక్క ఏదో ముద్దు మాట చెప్పి బ్యాగు లాక్కుంటూ వెళ్ళిపోయింది. సరైన జవాబు టైలరత్త తయారుచేసింది. తన కొలతల టేపు తీసి తలుపుకీ కిటికీకీ మధ్య గోడమీద అడ్డంగా మేకులు కొట్టి బిగించింది. తలుపు వైపు కొస మన ఊరు, కిటికీ వైపు కొస ఆ ఊరు. కొత్త చొక్కా పెట్టెలోని అట్టముక్కతో విమానం కత్తిరించి, వెనక బట్టల క్లిప్పు అతికించింది. టేపు కింద చిట్టి నీలం సుద్దతో సముద్రం గీసింది. అందులో చేపలకంటే బటన్లే ఎక్కువ. టేపుకి అరవై అంగుళాలు, ప్రయాణానికి పద్నాలుగు గంటలు కాబట్టి గంటకు నాలుగంగుళాలు, ఆపైన కాస్త. "ఎక్కుతున్నాం" అని అక్క మెసేజి పెట్టగానే విమానం బయలుదేరేది. పాలు తాగాక ఒకసారి, స్నానం అయ్యాక ఒకసారి, ఎవరిదో జిప్పు మార్చడం పూర్తయ్యాక ఒకసారి చిట్టి స్టూలెక్కి దాన్ని జరిపేది. పాప నిద్రపోయినప్పుడు టైలరత్త జరిపి ఉంచేది. తెల్లారి లేవగానే పాప పళ్ళు కూడా తోమకుండా గోడ దగ్గరికి పరిగెత్తి, అమ్మ ఎంత దూరం వెళ్ళిందో చూసేది.

వచ్చేటప్పుడూ అంతే. కిటికీ నుంచి తలుపుకి అరవై అంగుళాలు, పద్నాలుగు గంటలు. విమానం తలుపు కొసకు చేరుతుండగానే "దిగాను" అని అక్క మెసేజి వచ్చేది. సిబ్బంది బస్సు ఇరవై నిమిషాల్లో వీధి చివర దించేది. ఆ ఇరవై నిమిషాలూ చిట్టి తలుపు దగ్గరే నిలబడి ఉండేది. తలుపు తెరుచుకోవడం, పాప నడుముకు చుట్టుకోవడం, అక్క బ్యాగు వదిలేసి కింద కూర్చోవడం. ఆ ఒక్క క్షణం కోసమే అక్క అంత దూరం వెళ్ళి వస్తోందా అనిపించేది చూసేవాళ్ళకు.

అలా ఒక ఏడాది బాగానే నడిచింది. పాత గుణం మళ్ళీ తల ఎత్తింది చిట్టి నాలుగో పుట్టినరోజు దాటాక. మొదట చిన్నచిన్నవి. చిట్టి అన్నం తింటూ "ఇంకొక్క ముద్ద, కుట్టు ముడేసినట్టు" అంది. అది టైలరత్త మాట. సంతకెళ్తే గుడ్డ పట్టుకుని బొటనవేలితో రుద్ది చూసింది. అది టైలరత్త చెయ్యి. జడ ఎవరు వేయాలంటే "అత్త గట్టిగా లాగదు" అంది. ఇవన్నీ అక్క నాకు ఫోన్లో చెప్పేది, విమానం ఎక్కేముందు, దిగాక, అవతలి ఊరి హోటల్ గదిలోంచి. అవతల పొద్దున్నయితే ఇక్కడ సాయంత్రం. మా వాడికి జ్వరం చూస్తూ ఒక చేత్తో థర్మామీటరు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని నేను ఊఁ కొట్టేదాన్ని.

"ఆవిడ మంచిదే. అదే నా బాధ. చెడ్డదైతే తిట్టుకోవచ్చు" అంది ఒకరోజు.

తర్వాత ఓ ఆదివారం చిట్టి మెట్ల మీద పడింది. అందరం అక్కడే ఉన్నాం. మోకాలు చీరుకుపోయి, రక్తం చూసుకుని, గుక్కపట్టి ఏడ్చింది. మనుషులకు దెబ్బ తగిలితే నోట్లోంచి ఏ మాట వస్తుందో మీకు తెలుసు. డెబ్భై ఏళ్ళ ముసలాళ్ళకైనా అదే మాట వస్తుంది. చిట్టికి అది రాలేదు. "అత్తా" అంది. అక్క రెండడుగుల దూరంలో ఉంది. చేతులు చాచింది కూడా. పాప ఆ చేతుల పక్కనుంచి వెళ్ళి టైలరత్త ఒళ్ళో పడింది.

ఆవిడ గబగబా మోకాలు కడిగి, "చూడు, అమ్మ ఉంది, అమ్మ దగ్గరికెళ్ళు" అని పాపను ఇటు తోసింది. అది ఇంకా ఘోరం. తనదాన్ని దయతలచి ఇచ్చినట్టయింది.

ఆ వారమే అక్క ఒక నిర్ణయానికి వచ్చింది. వాళ్ళ కంపెనీలో వచ్చే మూడు నెలలకు ఏ రూటు కావాలో ముందే అడగాలి. నెలాఖరు సాయంత్రంలోగా ఫోన్లోంచి పంపాలి. పెద్ద రూటు వదిలేసి మళ్ళీ చిన్న రూట్లు అడుగుతానంది. రోజూ సాయంత్రానికి తను ఇంటికొస్తుంది, చిట్టిని బడిలో వేస్తే పగటిపూట అక్కడే ఉంటుంది, టైలరత్తతో పనుండదు. ఆవిడ మిషను ఆవిడ తీసుకుని వెళ్ళిపోవచ్చు.

కొట్టు మూసేసి వచ్చింది కదా, ఇప్పుడెక్కడికి వెళ్తుంది అన్నాను.

"అవన్నీ నాకు తెలీదు. నా పిల్ల నన్ను పిలవాలి. అంతే."

అయితే ఆ మాట పంపేముందు కళ్ళారా ఒకసారి చూడాలనుకుంది. తను లేనప్పుడు ఆ ఇంట్లో చిట్టి ఎలా ఉంటుందో, ఆవిడతో ఎలా ఉంటుందో. అందుకే తర్వాతి తిరుగు ప్రయాణంలో "దిగాను" అని మెసేజి పెట్టకుండా, ఎప్పుడూ ఎక్కే బస్సు కాకుండా ముందు బస్సెక్కి వచ్చేసింది.

ఆ మధ్యాహ్నం నేనూ అక్కడే ఉన్నాను. మావాడి లాగులు పొట్టి చేయించడానికి వెళ్ళాను. బావ భోజనానికి వచ్చి, ఇంకా ఎక్కడా లిఫ్టు ఆగలేదు కాబట్టి మంచం మీద వాలాడు. చిట్టి నిద్ర లేచి టైలరత్త ఒళ్ళో కూర్చుని, మిషను చక్రం తిప్పుతానని పేచీ పెడుతోంది. తలుపు తెరుచుకుంది. యూనిఫాంలో అక్క.

అక్క బ్యాగు వదిలి, మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు చాపింది. చిట్టి కదల్లేదు. తల్లిని చూసింది, గోడను చూసింది. అట్ట విమానం ముందు ఇంకా అయిదంగుళాల నీలం సుద్ద ఉంది.

"నువ్వింకా రాలేదమ్మా. సముద్రం మీదున్నావు."

"వచ్చాను కదే. ఇదిగో."

పాప మొహం ముడుచుకుంది. తల వెనక్కి తిప్పి, "అత్తా, అమ్మ వచ్చిందా?" అని అడిగింది.

టైలరత్త నవ్వేసి, వచ్చిందమ్మా, వెళ్ళు అంది. ఆ నవ్వే కొంప ముంచింది. అక్క లేచి నిలబడింది. విమానంలో మూడొందల మందికి చూపించే మొహం ఒకటుంటుంది తనకు, ఎంత కోపం వచ్చినా చెక్కుచెదరనిది. అది ఊడి పడిపోవడం నేను మొదటిసారి చూశాను.

"నేను వచ్చానో లేదో మీరు చెప్పాలా వదినా? నా కూతురు మీ అనుమతి తీసుకుని నా దగ్గరికి రావాలా?"

"అదేంటమ్మాయ్, పసిది. గోడ చూసి అంది."

"ఆ గోడమీద నన్ను మేకులేసి కొట్టింది మీరేగా. ఒక క్లిప్పుకి తగిలించి, మీ ఇష్టం వచ్చినప్పుడు జరుపుతున్నారు."

"నా ఇష్టం కాదు, నీ వేళే" అంది టైలరత్త, సూది గుడ్డలోంచి తీయకుండానే. "ఏడాదిన్నరగా చూస్తున్నాను. విమానం కొసకు చేరడం, నువ్వు మెసేజి పెట్టడం ఒకటే. ఒక్కసారీ తప్పలేదు. ఇవాళే ముందొచ్చావు."

"దిగి గంటన్నర కూర్చోకుండా పరిగెత్తుకొచ్చినందుకు నాకీ బహుమానం" అంది అక్క.

మంచం మీద బావ లేచి కూర్చున్నాడు. "ఏ గంటన్నర?"

నోరు జారిన మాట గది మధ్యలో నిలబడింది. అక్క నా వైపు చూసింది, నేనేదైనా మాట మారుస్తానేమోనని. చదువుకున్న చదువు అలాంటప్పుడే బయటికి దూకుతుంది. నేను మాట మార్చకపోగా విషయం వివరించాను. అంత ఎత్తులో గాలి పడమటి నుంచి తూర్పుకి ఏరులా పారుతుంటుంది, వెళ్ళేటప్పుడు విమానం దానికి ఎదురీదాలి, వచ్చేటప్పుడు అదే వెనకనుంచి తోస్తుంది, దూరం అదే అయినా వచ్చేటప్పుడు పన్నెండున్నర గంటలే పడుతుంది అని. మాట పూర్తయ్యాక గానీ నేనేం చెప్పానో నాకు తట్టలేదు.

బావ వేళ్ళు మడిచి లెక్క వేశాడు. లిఫ్టుల్లో తప్పు ఎక్కడుందో వెతికేటప్పుడు ఎలా చూస్తాడో అలాగే చూస్తున్నాడు. వెళ్ళడానికి పద్నాలుగైతే రావడానికీ పద్నాలుగే అనుకున్నాం, నువ్వు అవునన్నావు అన్నాడు. అవుననలేదు, మీరు అడగలేదు అంది అక్క. విమానం ఎక్కడుందో చూపించే యాప్‌లు ప్రపంచమంతా వాడుతోంది. ఈ ఇంట్లో ఎవరికీ వాటి అవసరం రాలేదు, గోడమీద టేపుండగా.

"ఏడాదిన్నర. నెలకి మూడుసార్లు. గంటన్నర. ఎక్కడున్నావు? ఎవరితో ఉన్నావు?"

అక్క ఒంటరిగా కూర్చున్నానని చెప్పింది. విమానాశ్రయంలో సిబ్బంది గేటు పక్కన, లగేజీ బండ్లు వరసగా నిలబెట్టే చోట, గోడవారగా ఒక బెంచీ ఉందట. మొదటిసారి పెద్ద రూటు నుంచి దిగినప్పుడు కాళ్ళు వాచిపోయి, బూట్లు విప్పడానికి అయిదు నిమిషాలు కూర్చుందట. అక్కడ ఎవరూ అమ్మా అనలేదు, మేడమ్ అనలేదు, ఇంకా ఎంతసేపని అడగలేదు, తను నవ్వనవసరం లేకపోయింది. అయిదు నిమిషాలు పది అయ్యాయి, పది గంటయింది. లేచేముందు "దిగాను" అని పెట్టేదట.

"బెంచీ మీద ఒక్కదానివే" అన్నాడు బావ, నమ్మనివాడి గొంతుతో.

టైలరత్త ఈ మాటలన్నీ వింటూ చేతిలోని లాగు పూర్తిచేసి, దారం కొరికి, మడతపెట్టి నాకిచ్చింది. మిషనుకి ముసుగు వేసింది. ఒప్పుకున్న బట్టలు నెలాఖరుకి అయిపోతాయి, తర్వాత వెళ్తాను అంది తమ్ముడితో. కోపంగా అనలేదు. కొట్టు కట్టేసే వేళయిందన్నట్టు అంది. చిట్టి మాత్రం ఎవరినీ పట్టించుకోకుండా స్టూలెక్కి, విమానాన్ని ఒక్క తోపు తోసి తలుపు కొసకు చేర్చి, కిందికి దూకి తల్లి నడుముకు చుట్టుకుంది. అక్కకు ఆ కౌగిలి రుచించలేదు. నియమం ప్రకారం వచ్చిన కౌగిలి అంది నాతో.

తర్వాతి పదిరోజులు ఆ ఇంట్లో ముగ్గురికి మూడు రకాల కడుపుమంట. అక్కకు వదిన మీద. బావకు ఆ బెంచీ మీద. టైలరత్తకు ఎవరిమీదో అప్పుడు నాకు తెలియలేదు. బావ ఫోన్లో విమానాల యాప్ పెట్టుకున్నాడు. అక్క డ్యూటీలో ఉంటే లిఫ్టు గుంతలో నిలబడి కూడా ఆ చుక్క ఎక్కడుందో చూసేవాడట. పైలట్లు ఎలాంటివాళ్ళని ఒకసారి నన్నడిగాడు. గాలి గురించి అంత తెలిసినదానివి పైలట్ల గురించి తెలీదా అన్నాడు. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. మనిషి నిజంగానే చిక్కిపోయాడు.

చివరికి అక్కే విసిగిపోయి, తర్వాతి డ్యూటీ నుంచి దిగే వేళకు ఆయన్ని విమానాశ్రయానికి రమ్మంది. సిబ్బంది గేటు బయట కలుసుకున్నారు. బెంచీ చూపించింది. ఒక కాలు కుంటి బెంచీ, కింద అట్టముక్క పెట్టి ఉంది. పక్కన లగేజీ బండ్లు, ఆ వెనక టీ బండి. బావ కూర్చుని చూశాడు, బెంచీని ఊపి చూశాడు. ఇందులో ఏముందో ఆయనకు అర్థం కాలేదు. అప్పుడే టీ బండివాడు అక్కను చూసి, "అమ్మా, ఎప్పట్లాగే చక్కెర లేకుండానేగా?" అని కేకేశాడు.

బావకు కావలసిన మనిషి దొరికాడు. ఆ వయసులో వాడికి మనవలు ఉండి ఉంటారు, అయినా సరే. ఆరేళ్ళుగా నేను రెండు చెంచాల చక్కెరేసి టీ ఇస్తుంటే బాగుందని తాగుతున్నావే, నీకు చక్కెర ఇష్టం లేదని వాడికి తెలుసా, నాకు తెలీదా అని బస్సులో ఇంటిదాకా గొణుగుతూనే ఉన్నాడట. అక్క ముందు నవ్వింది. తర్వాత ఆయన మొహం చూసి నవ్వడం మానేసి, మీకు మాత్రం లేదా అలాంటి చోటు అని అడిగింది. ఆయన కాసేపు కిటికీలోంచి చూశాడు. ఎత్తు మేడల మీద లిఫ్టు మోటార్లుండే గది ఉంటుంది, రిపేరు అయిపోయినా కాసేపు అక్కడే కూర్చుని కిందికి చూస్తాను, ఇంటికి మాత్రం పని ఆలస్యమైందని చెబుతాను అన్నాడు.

ఈ సంగతంతా నాకు చెబుతూ అక్క మధ్యలో ఆగింది. వదినకు అలాంటిదేమీ లేదే అంది. మిషను ముందుగదిలో, పాప ఒళ్ళో, వచ్చేవాళ్ళు తలుపు దగ్గర. నాకు సంతోషం వేసింది, మెత్తబడుతోందనుకున్నాను. రెండో మాటకు ఆ సంతోషం పోయింది.

"రేపు ఆవిణ్ణి గంటన్నర బయటికి పంపేస్తాను. నాకూ నా కూతురికీ మధ్య ఆవిడ లేకుండా ఒక్క గంటన్నర కావాలి. అప్పుడు చూస్తాను అది ఎవర్ని పిలుస్తుందో."

రేపు నెలాఖరు. ఏ రూటు కావాలో సాయంత్రంలోగా పంపాలి. చిన్న రూట్లు అని నింపి ఉంచింది, నొక్కడమే మిగిలింది.

మర్నాడు మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి టైలరత్త గుమ్మంలో చెప్పులు వేసుకుంటోంది. ఎక్కడికి వెళ్ళాలో ఆవిడకు తెలియడం లేదు. ఎక్కడికైనా వెళ్ళి కూర్చోండి వదినా, చల్లగాలికి, అంది అక్క, ఎయిర్‌హోస్టెస్ గొంతుతో. చల్లగాలా, ఈ ఎండలోనా అంటూనే ఆవిడ సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగింది.

చిట్టి అప్పుడే నిద్ర లేచింది. అక్క పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. పాప వద్దనలేదు. జడ విప్పి మళ్ళీ వేయించుకుంది, కథ చెప్పించుకుంది, బిస్కెట్టు తల్లి నోట్లో పెట్టింది. అక్క నా వైపు గెలిచినట్టు చూసింది. ఫోను పక్కనే ఉంది.

అప్పుడు చిట్టి, "అత్త ఎంత దూరం వెళ్ళింది?" అంది.

దగ్గరికే, వచ్చేస్తుంది అంది అక్క. పాప ఊఁ అని, కాసేపాగి మళ్ళీ అడిగింది. తర్వాత ఒళ్ళోంచి జారకుండానే, మెడ మాత్రం తలుపు వైపు తిప్పింది. తిప్పిన మెడ ఇటు తిప్పలేదు. కథలో రాజు చచ్చిపోయినా తిప్పలేదు. అక్క బుగ్గ పట్టుకుని తన వైపు తిప్పుకుంటే మర్యాదగా నవ్వి, వదలగానే మళ్ళీ అటే. మెట్ల మీద ఎవరి చెప్పుల చప్పుడైనా ఒళ్ళు బిగుసుకునేది. పాప బరువంతా అక్క ఒళ్ళోనే ఉంది, వెచ్చగా, మెత్తగా. పాప మాత్రం అక్కడ లేదు. అక్క చేతులు దాని చుట్టూ అలాగే ఉండిపోయాయి. మొహంలో ఉడుకు స్పష్టంగా కనిపిస్తోంది, ఏడుపుకి కాస్త ముందుండే ఉడుకు.

టైలరత్త గంటలోపే తిరిగొచ్చింది. ఎక్కడా కూర్చోలేదట. పాత కొట్టు వీధికి వెళ్ళి దారాలూ జిప్పులూ కొనుక్కుని వచ్చింది. తలుపు తెరుచుకోగానే చిట్టి ఒళ్ళోంచి ఎగిరి దూకింది. దూకేటప్పుడు మోచెయ్యి అక్క గడ్డానికి తగిలింది. వెనక్కి తిరిగి చూడలేదు. వెళ్ళి ఆవిడ చీర కుచ్చిళ్ళలో మొహం పెట్టింది.

అక్క గడ్డం పట్టుకుని కూర్చుంది. మిమ్మల్ని పంపింది జిప్పులు కొనుక్కోవడానికా వదినా, అందామె.

టైలరత్త పాపను విడిపించుకోకుండానే అక్క గడ్డం వైపు చూసింది.

"తగిలిందా?" అంది. "నాకు ఇక్కడ తగులుతుంది, పక్కటెముకల దగ్గర. నువ్వొచ్చినప్పుడల్లా. రోజంతా నా ఒళ్ళోనే ఉంటుంది, కళ్ళు గోడ మీదుంటాయి. తలుపు చప్పుడైతే చాలు, నన్ను తోసేసి పరిగెడుతుంది. మీరిద్దరూ అక్కడ ముద్దులాడుకుంటుంటే నేను కింద పడ్డ బటన్లు ఏరుకుంటూ ఉంటాను. ఎప్పుడైనా చూశావా?"

చూడలేదని అక్కకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ సమయంలో బటన్లు ఏరేవాళ్ళను ఎవరు చూస్తారు.

చిట్టి జిప్పుల పొట్లం లాక్కుని మిషను కిందికి దూరింది. టైలరత్త చెప్పులు విడిచి, నీళ్ళు తాగి, వచ్చి అక్క పక్కన సోఫా అంచున కూర్చుంది. వాళ్ళిద్దరూ అలా పక్కపక్కన కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ఎవరో ఒకరు ఎప్పుడూ వెళ్తూనో వస్తూనో ఉండేవారు. సాయంత్రమవుతోంది. ఫోను మోగింది, కంపెనీ నుంచి గుర్తుచేసే మెసేజి. అక్క దాన్ని చూసి, నింపిందంతా చెరిపేసి, ఫోను బోర్లా పెట్టింది. టైలరత్త అదేంటని అడగలేదు. మిషను వైపు ఒకసారి చూసింది, దాని ముసుగు తీయాలా వద్దా అన్నట్టు.

అక్క ఇంకా గడ్డం రుద్దుకుంటూనే ఉంది. ఏదో అడగాలనీ, అడగడానికి సిగ్గనీ మొహంలో తెలుస్తోంది. చివరికి ఆగలేకపోయింది. చిన్నప్పుడు పాలగ్లాసుల అంచులు చూసినప్పటి కళ్ళతోనే వదిన వైపు తిరిగింది.

"నిజంగా తోస్తుందా వదినా? నేనొచ్చినప్పుడు?"

"మరి? అబద్ధమా?"

"ఎంత గట్టిగా?"